పక్షులు లేని చెరువు మీద కేకలు

ఈ ఉదయం ఏలూరు బస్సు మండవల్లిలో ఆగగానే తడి తవుడు, వేరుశనగ చెక్క కలిసిన చేపల మేత వాసన కిటికీలోంచి కొట్టింది. పక్క సీటాయన ముక్కు మూసుకున్నాడు. నేను గుండెల నిండా పీల్చుకున్నాను. వెంటనే సుభద్రమ్మగారు గుర్తొచ్చారు. ఏలూరులో నర్సుగా రిటైరై, ఇక్కడ చేపల చెరువులు నడిపిన మనిషి. నేను ఆవిడ దగ్గర గుమస్తాని. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నా చేత లావుపాటి వైద్యం పుస్తకాలు చదివించింది ఆవిడే. అర్థం కాలేదంటే, "రెండోసారి చదివావా?" అనేవారు. చదివానని అబద్ధమాడితే ఇట్టే పట్టేసేవారు.

మా చివరి చెరువు గట్టు మీద జగబంధు ఉండేవాడు. ఒడిశా నుంచి పనికొచ్చిన ముప్పై ఏళ్ల మనిషి. చేపల కోసం వాలే కొంగల్ని, నీటికాకుల్ని పొద్దంతా అరిచి తోలడం అతని పని. మేమెవరమూ అతన్ని పేరుతో పిలవలేదు, "చివరి చెరువు" అనేవాళ్లం. మిగతా కాపలావాళ్లకు రెట్టింపు అరుస్తున్నాడని మురిసిపోయి, ఓ రోజు అమ్మగారిని తీసుకెళ్లి చూపించాను.

"చూడండమ్మగారూ, ఒక్క నిమిషం ఊరుకోడు."

ఆవిడ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్లంతా చూశారు. "బానే ఉందయ్యా. పక్షేదీ?"

ఒక్క కొంగ లేదు. "ఇతని కేకలకే బెదిరిపోయాయండి," అన్నాను.

"మరింకా ఎవర్ని తిడుతున్నాడు?"

అడిగితే, వచ్చీరాని తెలుగులో చెప్పాడు: గట్టు కింద నుంచి ఎవరో మూడు నెలలుగా తనని తిడుతున్నారట. మర్నాడే అతన్ని ఊరికి పంపేద్దామని రైలు టికెట్టు కొనుక్కొచ్చాను.

"ఒంటరిగా రైలెక్కిస్తే దారిలో ఏమైపోతాడో ఆలోచించావా?" అన్నారు సుభద్రమ్మగారు. "ఆ టికెట్టు మీద నువ్వెళ్లు. భాష తెలియని ఊళ్లో ఆరు నెలలు గట్టు మీద ఒక్కడివే ఉండిరా. అప్పుడు నీ సంగతీ చూద్దాం."

ఆ టికెట్టు రద్దు చేయించి, అతన్ని ఏలూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. స్కిజోఫ్రీనియా అన్నారు, మాత్రలిచ్చారు. అమ్మగారు అతన్ని నలుగురూ ఉండే మేత షెడ్డుకు మార్చారు. రోజూ మధ్యాహ్నం అతనితో కలిసి అన్నం తినడం, ఒడియా నేర్చుకోవడం నా డ్యూటీ అన్నారు.

మొన్న తాడేపల్లిగూడెంలో టీ కొట్టు దగ్గర ఒకాయన, "వలసొచ్చినోళ్లు పిచ్చిని కూడా వెంటబెట్టుకొస్తారండీ," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "వెంట తెచ్చుకునేదే అయితే, వాళ్ల సొంత ఊళ్లో ఉన్నవాళ్లకీ అంతే ఉండాలి కదండీ? పరాయి దేశాలకు వలసపోయినవాళ్లలో, అక్కడ పుట్టిన వాళ్ల పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువట. సొంత దేశంలో ఉండిపోయినవాళ్లలో అంత లేదట. అంటే మనం వాళ్లని చూసే తీరులో ఏదో ఉందన్న మాటే కదండీ?" అన్నాను. ఆయన టీ చల్లారిపోయింది, నేను ఆపలేదు.

జగబంధు మాత్రలు మానలేదు. నా ఒడియా విని కడుపు పట్టుకు నవ్వేవాడు. మేత షెడ్డుకు మారి ఏడాది గడిచాక ఓ మధ్యాహ్నం, "ఆ తిట్లు ఇంకా వినిపిస్తున్నాయా?" అని మెల్లగా అడిగాను.

"అప్పుడప్పుడూనండి. కానీ వినడానికి తీరికేదండీ? మీరు మాట్లాడుతూనే ఉంటారుగా!"

సుభద్రమ్మగారు పోయారు. కొత్తగా ఎవరు పనికొచ్చారని తెలిసినా, ఈ వయసులోనూ క్యారేజీ పట్టుకుని గట్టు మీదికి వెళతాను. ముందు పేరడుగుతాను. తర్వాత నా కబుర్లు. "తాతగారూ, కాసేపు ఆపండి" అని వాళ్లు బతిమాలుకునేదాకా కదలను.