మామ ఆపమన్న చోటు

ఆ ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే మా మేనకోడలు తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, ఎర్రర్లు సున్నా, వార్నింగులు సున్నా అని గొప్పగా ప్రకటించింది. తెర వంక చూస్తే నాకు నవ్వూ దిగులూ ఒక్కసారే వచ్చాయి. ముప్ఫై ఏళ్ళ కిందట నేను రాసిన గ్రాఫిక్స్ లైబ్రరీ, ఆనాటి కంపైలర్ పేరు కూడా జనం మరిచిపోయిన ఈ రోజుల్లో, కొత్త కంపైలర్‌తో మళ్ళీ ప్రాణం పోసుకుని లేచింది, నిజమే. కానీ అది గీసినవి మా మామ చిలకలు కావు, మెడలు కుంగిపోయిన రెండు బాతులు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. నారాయణవనంలో చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఎర్ర పెన్సిలుతో ఏ గడి నింపితే నేతలో ఆ చోట జరీ పైకి తేలుతుంది, అంతే పని అని తాను తేలిగ్గా చెప్పేవాడు గానీ, రెండు చిలకలు ఎదురెదురుగా కూర్చుని ముక్కులు తాకీ తాకనట్టు ఉండే ఆ అంచును ఆయన గీస్తుంటే పక్కన కూర్చున్న నాకు అన్నం సంగతి గుర్తుకొచ్చేది కాదు. అట్లాంటి మనిషికి కళ్ళు మసకబారాయి. ఆపరేషన్ అయ్యాక మనుషులు బాగానే కనబడ్డారు గానీ చిన్నగళ్ళు మాత్రం లొంగలేదు. గళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుండాయి పాపా, అన్నాడు ఒకనాడు, పెన్సిలు జేబులో పెట్టుకుంటూ. ఆ పెన్సిలు మళ్ళీ బయటికి రాదేమోనని నాకు భయం వేసింది.

నేను అప్పుడు తిరుపతిలో ఒక పాలిటెక్నిక్‌లో కొత్తగా చేరిన లెక్చరర్‌ని. కంప్యూటర్ ల్యాబంటే చెప్పులు బయట విడిచి, తెర తొలగించి, ఏసీ చల్లదనంలోకి భక్తిగా అడుగుపెట్టే గది. నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు. అంతకుముందు ప్రోగ్రాం ఒకచోట రాసి, బయటికొచ్చి, రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేట్టు మార్చే కంపైలర్‌ను విడిగా పిలిచి, అది తిట్టిన తిట్లన్నీ కాగితం మీద రాసుకుని మళ్ళీ లోపలికి పోయేవాళ్ళం. ఆ ఏడాది మాకు కొత్త కంపైలర్ వచ్చింది: రాయడం, కంపైల్ చేసి కట్టడం, నడపడం అన్నీ ఒకే నీలితెర మీద, తప్పు ఏ వరసలో ఉందో కర్సరే వెళ్ళి నిలబడి చూపించేది. దాన్ని చూసిన సంతోషంలో నేను మామకు మాటిచ్చేశాను: నీ గళ్ళు నువ్వు నింపొద్దు, నోటితో చెప్పు, యంత్రం నింపుతుంది అని.

మాటివ్వడం సులువే. ఆ కంపైలర్‌తో వచ్చిన గీతలూ వృత్తాలూ మా పనికి చాలలేదు. గడి నింపడం, వరస జరపడం, ఒక చిలకను అద్దంలో లాగా మళ్ళించి రెండోది చెయ్యడం, జంటను అంచు పొడవునా పరచడం, వీటన్నిటికీ ఒక్కొక్క చిన్న ఫంక్షన్ రాసి, అన్నిటినీ మూటగట్టి లైబ్రరీ చేశాను. ప్రిన్సిపాల్‌ను బతిమాలి ఆదివారాలు ల్యాబు తాళం చెవి తీసుకునేదాన్ని. మామ పుత్తూరు మీదుగా మొదటి బస్సుకే వచ్చేవాడు, సంచిలో తాను మొట్టమొదట గీసిన చిలకల అంచుముక్క ఒకటి పెట్టుకుని. చెప్పులు విడవమని ఎవరూ చెప్పనవసరం లేకపోయింది; మగ్గం గదిలోకి చెప్పుల్లేకుండా వెళ్ళే అలవాటు ఆయనది.

మొదటిసారి బొమ్మ తెరమీదికి వచ్చినప్పుడు నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. మామ మాత్రం ముఖం అద్దానికి ఆనించినంత దగ్గరగా పెట్టి చూసి, ఇది చిలక కాదు పాపా, కొంగ, అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గళ్ళన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపించాను, ఒక్కటీ తప్పలేదు. యంత్రం తప్పు చేయదని ఆయనకే పాఠం చెప్పాను, చదువుకున్న పొగరు! ఆయన సంచిలోంచి అంచుముక్క తీసి, రెండు చేతులతో సాగదీసి తెర పక్కన పట్టుకుని, ఎడమకన్ను మూసి, తల కాస్త వాల్చి, ఎత్తు తగ్గించు అన్నాడు. తగ్గించాను. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆడ నిలుపు.

నిలిపాను. చిలక చిలకలా కూర్చుంది. ఆ రోజుల మానిటర్లో చుక్కలు నలుచదరంగా ఉండవని, వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువని తర్వాత మాన్యువల్ తిరగేస్తే తెలిసింది. నా పట్టాకు అందని సంగతి, సరిగా గడి కూడా కనబడని ఆ కళ్ళకు గుడ్డముక్క సాయంతో అందింది. నాకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ గర్వమేసింది. అక్కడ కుదిరిన ఎత్తు వెడల్పుల రెండు అంకెలను కోడులో వేసి, పక్కన వ్యాఖ్యగా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటే రాసుకున్నాను: ఇక్కడ మామ ఆపమన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ మావే. ఆయన కళ్ళు మూసుకుని, మూడు ఇడువు, రెండు పట్టు, ఒకటి ఇడువు అని వరసలు వరసలుగా చెప్పేవాడు, ఇడవమన్న గళ్ళు వదిలి, పట్టమన్నవి నింపుతూ నేను కొట్టేదాన్ని. నలభైకి పైగా అంచులు అలా ఫ్లాపీల్లోకి చేరాయి. జేబులోంచి పెన్సిలు మళ్ళీ రాలేదు గానీ, ఆయన అంచులు గీయడం మాత్రం ఆగలేదు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. అటకమీది కాగితాలను చెదలు తిన్నాయి. ఈ ఏడాది మొదట్లో మామ కూతురు, నాకు వదిన, ఫోన్ చేసింది. మోకాళ్ళు ఒప్పుకోల్యా మే, మగ్గం ఎత్తేస్తాను, ఎత్తే లోపల నాయన చిలకల అంచుతో ఒక్క చీర నేసి సూసుకోవల్ల, నీ దగ్గర యాడన్నా ఉండాదా అని అడిగింది. ఆమె దగ్గర మిగిలిందల్లా మామ సంచిలోని ఆ పాతముక్కే. జరీ చాలాచోట్ల రాలిపోయి, దాన్నిబట్టి దారాలు లెక్కపెట్టే వీల్లేదు. నా దగ్గర ఫ్లాపీల్లోంచి సీడీకి, సీడీలోంచి పెన్‌డ్రైవ్‌కు మోసుకొచ్చిన ఫైళ్ళున్నాయి. అయితే వాటిని చదవగలిగింది నా లైబ్రరీ ఒక్కటే, దాన్ని కట్టగలిగిన కంపైలర్ ఇప్పుడు ఏ యంత్రంలోనూ లేదు. తెలిసినవాళ్ళను ఇద్దరిని అడిగితే కొత్తగా గీయించుకోండి మేడమ్ అన్నారు. ఏది చూసి గీయించను?

అప్పుడు పూనుకున్నది ఈ మేనకోడలే, మా తమ్ముడి కూతురు. ఇక్కడే తిరుపతిలో ఒక కంపెనీలో ఉద్యోగం, సెలవురోజుల్లో నా దగ్గరే ఉంటుంది. మొదటిసారి కడితే వందల్లో తప్పులు కురిశాయి. నా పాత పద్ధతులు చూసి అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఒక్కొక్క ఫంక్షన్ చదివి, ఇది ఎందుకత్తా, ఇది దేనికి అని అడిగి, కారణం తెలిశాకే మార్చింది. కట్టడం పూర్తయ్యాక చూస్తే తెరనిండా చెదిరిన చుక్కలే. పాత కంపైలర్ ఒక అంకెకు రెండు బైట్లు కేటాయిస్తే కొత్తది నాలుగు చదువుతోందని రెండు రోజులు కూర్చుని పట్టుకుంది. నా దగ్గర చదువుకున్న ఎందరిలోనో చూడని ఓపిక అది. చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. ఆ ఓపికకు ఫలితంగానే ఆ ఆదివారం బాతులు దర్శనమిచ్చాయి.

ఈ తెరల్లో చుక్కలు నలుచదరం కాబట్టి, మామ తగ్గించమన్న అంకెలే ఇప్పుడు చిలకను అణిచేశాయని నాకు వెంటనే తెలిసింది. లెక్కకట్టి ఆ అంకెలు మార్చెయ్యి అన్నాను. మేనకోడలు వెంటనే మార్చలేదు. నా పాత వ్యాఖ్యను చదివి, లెక్క నేను కట్టగలనత్తా, కానీ ఆపమని చెప్పాల్సింది ఆ ఇంటివాళ్ళు గదా అంది.

ఆ మధ్యాహ్నమే నారాయణవనం వెళ్ళాం. మగ్గం గది గుమ్మం దగ్గర మేనకోడలు చెప్పులు విడిచింది, ఎవరూ చెప్పకుండానే. ల్యాప్‌టాప్‌ను మగ్గం పలకమీద పెట్టింది. వదిన బాతుల్ని చూసి, ఏందే ఇవి, అని నవ్వి, పెట్టెలోంచి ఆ అంచుముక్క తెచ్చింది. రెండు చేతులతో సాగదీసి తెర పక్కన పట్టుకుంది. ఎడమకన్ను మూసి, తల కాస్త వాల్చింది. ఆమె తన నాయనను ఆ ల్యాబులో ఎన్నడూ చూడలేదు. పైకి లాగు పాపా, అంది. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆడ నిలుపు. నేను వెనక్కి తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

మేనకోడలు నా వ్యాఖ్యను చెరపలేదు. దాని కింద ఇంకో వరస చేర్చింది: ఇక్కడ నారాయణవనం పెద్దమ్మ నిలపమనింది.

చీర ఇప్పుడు సగానికి వచ్చింది. అది దిగగానే మగ్గం ఎత్తేస్తారు. తప్పున్న వరస చూపడమే కాక, అక్కడ మరిచిపోయింది చుక్కో కామానో కూడా ఇప్పటి కంపైలర్లు తామే చెబుతాయి, ఆ సౌకర్యం మా కాలంలో ఉంటే ఎన్ని ఆదివారాలు మిగిలేవో. అయినా చిలక బాతైపోయిందని మాత్రం వాటిలో ఏ ఒక్కటీ చెప్పలేదు. ఇంకో ముప్ఫై ఏళ్ళకు తెరలు మళ్ళీ మారతాయి, మా మేనకోడలు లైబ్రరీని మళ్ళీ కట్టగలదు, కానీ అప్పటికి ఆ ఇంట్లో మగ్గమూ ఉండదు, నిలుపు అనేవాళ్ళూ ఉండరు. అదే తలుచుకుని, చీర అయ్యాక ఆ అంచుముక్క నాకిమ్మని వదినను అడిగాను. నీకియ్యను మే, ఆ పాపకిస్తా, దానికి పనుండాది, అంది. కాస్త కుళ్ళుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, మామ అయినా అలాగే చేసేవాడు.