పి.పి. నంబరు

మా ఇంటి ఫోను నంబరు ఎన్ని పెళ్ళిపత్రికల మీద అచ్చయిందో లెక్కలేదు. వాటిలో మా ఇంటి పెళ్ళిళ్ళు రెండే. మిగతావాటిలో నంబరు పక్కన పి.పి. అని రెండక్షరాలు ఉండేవి. వాటికి ఇంగ్లీషులో అర్థమేమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు, తెలియవలసిన అవసరమూ పడలేదు. ఫోను పక్కింటివాళ్ళది, పిలిస్తే వచ్చి మాట్లాడతాం అని అర్థం. ఆ పిలిచే పని తిరుపతికి కొత్తకోడలిగా వచ్చిన నా నెత్తిన పడింది. పొయ్యి మీద పాలు వదిలేసి, కొంగు బిగించి, ‘మీకు ఫోనొచ్చింది’ అంటూ వీధి చివరిదాకా పరుగెత్తేదాన్ని. మా మామగారు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ నంబరు ఇచ్చేవారు. పరుగెత్తే కాళ్ళు ఆయనవి కావు కదా.

సెల్‌ఫోన్లు వచ్చాక ఆ పరుగు తప్పింది. ఒక్కొక్కరే మా గడప తొక్కడం మానేశారు. అందరూ అలాంటప్పుడు బాధపడ్డామని రాస్తారు. నాకు మాత్రం హాయిగా ఉండింది. చివరికి మిగిలింది చిన్నమ్మ ఒక్కతే.

చిన్నమ్మ మాకు బంధువు కాదు, పిలుపు అంతే. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒంటిగదిలో అద్దెకుంటూ, తిరుచానూరులో ఒక పూలకొట్టుకు మాలలు కట్టి ఇస్తుంది. ఆమె కూతురు మా కళ్ళముందే పెరిగింది. బడిలో చేర్చినప్పుడు కాగితంలో రాసింది మా నంబరే, పక్కన పి.పి. అని. ఆ పిల్ల దాన్ని ఎక్కంలాగా వల్లించేది. పెద్దదై, పెళ్ళై, మొగుడు పోయాక ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. అక్కడి యజమానురాలు ఆమె సెల్‌ఫోను తీసుకుని బీరువాలో పెట్టేసిందట. ఇక్కడ చిన్నమ్మేమో రీచార్జి చేయించక సిమ్ము పోగొట్టుకుంటూ మూడు నంబర్లు మార్చింది. కూతురి నోటికి వచ్చిన నంబరు మాది ఒక్కటే. శుక్రవారం మనకు మధ్యాహ్నమయ్యే వేళకు యజమానురాలు పుట్టింటికి వెళ్తుంది. అప్పుడు ఆ ఇంటి డ్రైవరు, రాయచోటి వైపు మనిషి, తన ఫోను అయిదు నిమిషాలు ఇస్తాడు.

శుక్రవారమంటే తిరుచానూరులో అమ్మవారికి అభిషేకం, పూలకు గిరాకీ. పని మానుకునే వీలుండదు కాబట్టి చిన్నమ్మ గంపతో సహా మా ఇంటికి వచ్చేది. పన్నెండున్నరకే ఫోను బల్ల పక్కన నేల మీద చతికిలబడి, తడిపిన అరటినారతో కనకాంబరాలు కట్టేది. సరిగ్గా ఆ వేళకు నేను లోపలిగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఆన్‌లైను బడి పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. ఫోను మోగితే పాఠం ఆగేది. పైగా చిన్నమ్మకు దూరదేశంతో మాట్లాడాలంటే గట్టిగా అరవాలని నమ్మకం. ‘ఏం మే, అన్నం తిన్యావా?’ అన్న కేక నా పాఠంలోకి వచ్చి, అవతల పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్ళు. నా ముఖం మాడిపోయేది. ఆమె అది చూసేది, ఏమీ అనేది కాదు. పోతూ పోతూ మూరెడు పూలు బల్ల మీద పెట్టి పోయేది. ఆ పూలు తల్లో తురుముకుంటూ కూడా విసుక్కున్న మనిషిని నేను.

పాత ఫోను తీగ మీద వచ్చే నెట్టుతో నా పాఠాలు నడవడం కష్టమైంది. సమీకరణం సగంలో ఉండగా పిల్లల ముఖాలు బిగుసుకుపోయేవి. ఫైబర్ పెట్టించుకుందామని టెలిఫోన్ ఆఫీసుకు వెళ్ళాను. కౌంటర్లో ఉన్న ఆయన మర్యాదస్తుడు, అన్నీ విడమరచి చెప్పాడు.

“పాత నంబరు కావాలంటే ఫైబర్ మీదికే మార్చిస్తాం మేడం. కరెంటు పోతే మోగదు, అంతే తేడా. వద్దంటే నంబరు వదులుకుంటున్నట్టు సరెండర్ కాగితం రాయండి. మీ ఇంట్లో ఎవురికన్నా ఆ నంబరుతో పనుండాదా?”

“మా ఇంట్లో ఎవరికీ లేదండీ,” అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. చిన్నమ్మ గుర్తుకు రాలేదని ఇప్పుడు బుకాయించను. వచ్చింది. తీగ మార్చే మనుషులు వచ్చే వారం కదా వస్తామన్నది, ఈ శుక్రవారం ఆ పిల్ల ఫోను చేసినప్పుడు నా సెల్ నంబరు చెప్పేస్తే సరిపోతుంది, ఇక నా హాల్లో ఈ గంపల గోల తప్పుతుంది అనుకుని సంతకం పెట్టాను.

వచ్చే వారం వస్తామన్నవాళ్ళు గురువారమే వచ్చారు. శనివారం రండి అని ఒక్క మాట అంటే పోయేది. మళ్ళీ ఎన్నాళ్ళకు వస్తారోనని లోపలికి రమ్మన్నాను. రెండు గంటల్లో గోడకు తెల్లడబ్బా బిగించి, పాత తీగ కత్తిరించి చుట్ట చుట్టి పక్కన పెట్టారు. నెట్టు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఫోనును అటక మీద పెట్టబోయి, రేపు శుక్రవారమని గుర్తొచ్చి, బల్ల మీదే ఉంచేశాను. ఎందుకు ఉంచానో నాకు తెలుసు. దాన్ని తీసేస్తే వెంటనే జవాబు చెప్పుకోవాలి.

మరునాడు చిన్నమ్మ మామూలు కంటే ముందే వచ్చింది. ముఖం కళగా ఉంది. అంతకు ముందు వారం కూతురు ఫోనులో ఒక మాట అడిగింది. నెలాఖరులోగా యజమానురాలికి చెప్పాలట, ఉంటుందో ఇంటికి వచ్చేస్తుందో. ఉంటే ఇంకో రెండేళ్ళకు కాగితం రాయాలి. ‘వచ్చి ఏం చేసేదిమా?’ అని ఆ పిల్ల అడిగితే, ‘ఇచారించి వచ్చే వారం చెప్తా’ అంది చిన్నమ్మ. ఆమె అరిచి మాట్లాడింది కాబట్టి నాకూ, నా పదో తరగతికీ తెలుసు ఆ సంగతి.

“రమ్మని చెప్పేస్తా మ్మా,” అంది గంప దించుతూ. “పూలకొట్టాయన్ని అడిగినా. ఇద్దురూ కూసోని కట్టండి, ఇద్దురికీ పనిస్తా అనినాడు. ఆడ అరబ్బోళ్ళ ఇంట్లో నాలుగంతస్తులు తుడిసి తుడిసి దానికి మోకాళ్ళు పోయినాయంట. ఇంగ సాలు. నువ్వేమంటావు?”

“మంచిదే కదా చిన్నమ్మా,” అన్నాను.

అప్పుడు చెప్పి ఉండవలసింది. నోరు తెరిచాను కూడా. ఆమె నా జవాబు వినకుండా, నార తడుపుకుంటూ, కూతురు వస్తే గదిలో మంచం ఎటు జరపాలో చెప్పడం మొదలుపెట్టింది. నేను పాఠం ఉందని లోపలికి వెళ్ళాను. ఆ రోజు ఏం చెప్పానో నాకే తెలియదు. రెండుంబావుకు బయటికి వస్తే ఆమె ఇంకా ఫోను వైపే చూస్తూ కడుతోంది.

“ఈ వారం రాలేదే మ్మా.”

“వాళ్ళింట్లో ఏం పనో ఏమో,” అన్నాను. ఇది మాత్రం అబద్ధమే.

శనివారం పొద్దున్నే టెలిఫోన్ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను. కౌంటరాయన తల గోక్కున్నాడు. “రద్దయిపోయింది మేడం. అదే నంబరు తిరిగి కావాలంటే అర్జీ పెట్టండి. పైనుంచి రావాల. టైం పడతాది.” చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకుల తప్పేముంది? అర్జీ రాసిచ్చాను. ఆ పిల్లను కువైట్ పంపిన ఏజెంటు నంబరు సంపాదించి, రోజుకు నాలుగుసార్లు చేశాను. అది ఎప్పుడూ స్విచాఫే. మా పాత ఫోనుకు ఎవరు చేశారో చూపించే సదుపాయం లేదు కాబట్టి డ్రైవరు నంబరూ మా దగ్గర లేదు.

“ఆమెకు చెప్పెయ్. ఏమీ అనదు,” అన్నాడు మా ఆయన.

“ఏమీ అనదనే కదా నా ఏడుపు,” అని ఆయన మీద ఎగిరిపడ్డాను. తిట్టే మనిషికైతే ఆ రోజే చెప్పి ఉండేదాన్ని.

రెండో శుక్రవారం కూడా అంతే గడిచింది. ఆమె వచ్చింది, కట్టింది, చూసింది, పోయింది. పూలు బల్ల మీద పెట్టి మరీ పోయింది. అక్కడ ఆ పిల్ల డ్రైవరు ఫోను చెవిన పెట్టుకుని నిలబడి ఉంటుందని నాకు తెలుసు. ఆ రోజు బయటి గోల పాఠంలోకి రాకుండా తలుపేసుకున్నాను అనుకున్నారు పిల్లలు. నిజానికి నాకు ఆమె వీపు కనపడకుండా వేసుకున్నాను.

మూడో శుక్రవారం తలుపు తెరిచేసరికి చిన్నమ్మ రిసీవరు చెవికి పెట్టుకుని ఉంది. ఆమె ఎప్పుడూ ఆ ఫోను తనంతట తాను ముట్టుకోదు. మోగితే నేనో మా ఆయనో ఎత్తి ఇవ్వాలి, అది ఆమె పెట్టుకున్న మర్యాద. కాసేపు విని, ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుని, మళ్ళీ విని, మెల్లగా పెట్టేసింది.

“దీంట్లో సద్దే లేదే మ్మా,” అంది.

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాను. సరెండర్ అన్న మాట ఆమెకు అర్థం కాలేదు. నేనే తీయించేశానని చెప్పాల్సి వచ్చింది. చెప్తుంటే ఏడుపు వచ్చింది కానీ, ఆమె ముందు ఏడిస్తే ఆమె చేత ఓదార్పించుకున్నట్టవుతుందని ఆపుకున్నాను. ఆమె నా ముఖం కేసి చూడలేదు. కట్టిన మాల చుట్ట చుట్టి గంపలో పెట్టుకుంది.

“ఎన్ని వారాలాయ?”

“ఇది మూడోది.”

“అయితే నేను వచ్చి కూసోనుంటి గదా మొదుటి వారం, మంచం సంగతి చెప్తా… అప్పుటికే లేదా?”

“లేదు చిన్నమ్మా.”

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు బల్ల మీద పూలు లేవు. తర్వాతి వారం ఆమె రాలేదు. నెలాఖరు దాటిపోయింది. నేను ఆమె గది మీదుగా వెళ్ళాల్సి వస్తే వీధి చుట్టూ తిరిగి వెళ్ళాను. అయిదు పదులు దాటిన దాన్ని, దొంగలా తిరిగాను.

అయిదో వారం గురువారం నంబరు మంజూరైందని చెప్పి, మనిషి వచ్చి పాత ఫోనును తెల్లడబ్బాకు కలిపాడు. మా ఆయన అదే రోజు బజారుకు పోయి కరెంటు పోయినా డబ్బాకు ఆసరాగా ఉండే చిన్న బ్యాటరీ కొనుక్కొచ్చాడు. శుక్రవారం పాఠం మానేశాను. పన్నెండింటికే వెళ్ళి చిన్నమ్మ గది ముందు నిలబడి, ‘నంబరు వచ్చింది, రా’ అన్నాను. ఆమె గంప ఎత్తుకుని నా వెనకే వచ్చింది.

ఒంటిగంటన్నరకు ఫోను మోగింది. నేనే ఎత్తాను.

“అక్కా? అక్కా నువ్వేనా?” అంది ఆ పిల్ల. తర్వాత కాసేపు ఏడుపే వినిపించింది. “యాడికి పోయినారక్కా మీరంతా? మూడు శుక్రారాలు చేసినా. ఎవురో ఆడమనిషి ఇంగ్లీషులో చెప్తా ఉంటాది. ఈ నంబరు ఇప్పుడు లేదంటమ్మే అనినాడు డ్రైవరన్న. ఆ నంబరు యాడికి పోతాదక్కా, నేను పుట్నప్పట్నించి ఉండేదే గదా? అమ్మకు ఏమన్నా అయిపోయి, నాకు చెప్పలేక మీరే తీసేసినారేమో అనుకున్యా. అమ్మ లేని ఊరికొచ్చి ఏం చేసేది? మేడం కాయితం తెచ్చింది. సంతకం పెట్టేసినా. ఇంగ రెండేండ్లు. ఉండబట్టలేక ఈ పొద్దు మళ్ళా చేసినా.”

నేను ‘అమ్మ ఇక్కడే ఉంది’ అని మాత్రం అనగలిగి, రిసీవరు చిన్నమ్మకు ఇచ్చాను.

ఆ రోజు ఆమె అరవలేదు. “నాకేం కాలా మే. బాగుండా. లైను సెడిపోయింది, అంతే. అక్కోళ్ళేం చేస్తారు దానికి?” అంది. అవతల చాలాసేపు మాటలు. ఈమె ఊఁ కొడుతూ వింది. “సరేలే. పెట్టేసినావు గదా. సరే. మోకాళ్ళకు నూనె రాసుకో,” అంది. పూలకొట్టాయన ఒప్పుకున్నాడని చెప్తుందేమోనని చూశాను. ఆ సంగతి ఎత్తనేలేదు. అయిదు నిమిషాలు అయిపోయాయి.

రిసీవరు నా చేతికి ఇచ్చి, గంప అందుకుని, గడప దాకా పోయి ఆగింది. ముప్పయ్యేళ్ళుగా నన్ను ‘నువ్వు’ అన్న మనిషి.

“ఈ రెండేండ్లూ దీన్ని తీసెయ్యరు గదమ్మా మీరు?” అంది.