తోడల్లుడి జాయ్‌స్టిక్

మొన్న గురుగ్రామ్ వెళ్లే మెట్రోలో నా పక్కన కూర్చున్న అమ్మాయి, మెడలో ఆఫీసు కార్డు వేలాడుతుండగా, ఫోనును రెండు చేతులతో పట్టుకుని విమానం నడుపుతోంది. విమానం కుడికి తిరగాలంటే ఫోనును కుడికి వంచాలట. ఫోనుతో పాటు తనూ వంగుతూ, రెండు స్టేషన్ల మధ్య మూడుసార్లు నా భుజం మీద ల్యాండయి, మూడుసార్లూ "సారీ అంకుల్" అంది. ఫర్వాలేదమ్మా అన్నాను గాని, వైరు లేకుండా, సీడీ లేకుండా, దుకాణం చుట్టూ తిరక్కుండా ఒక విమానం అంత సులువుగా గాల్లోకి లేవడం చూసేసరికి కడుపులో ఎక్కడో పాత మంట ఒకటి రాజుకుంది. ఇరవయ్యేళ్ల కిందటి మంట అది. దాని పేరు ఈర్ష్య, దాని చిరునామా మా తోడల్లుడు.

నేనప్పుడు వైమానిక దళంలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌ని. పైలట్ ముందు గడియారాల్లా వరసగా ఉండే మీటర్ల ముళ్లు నిజం చెప్పేలా చూడటం నా ఉద్యోగం. ఢిల్లీ కంటోన్మెంటులో క్వార్టరు, ఒక స్కూటరు, ఒక కంప్యూటరు, ఆసుపత్రిలో నర్సుగా చేసే మా ఆవిడ, అయిదో తరగతి చదివే మా అమ్మాయి, ఇదీ నా సామ్రాజ్యం. మా ఆవిడ అక్క భర్త, అప్పటికింకా గుర్గావ్ అనిపించుకుంటున్న ఊళ్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు, ఏసీ కారు. బెజవాడ నుంచి మా అత్తగారు ఫోను చేస్తే ఆయన్ని "పెద్దల్లుడుగారు" అనీ నన్ను "మన ఢిల్లీ అబ్బాయి" అనీ అనేవారు, అక్కడికి ఆయనేదో లండన్‌లో ఉన్నట్టు. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒక్కటే: ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన ముగియగానే మా అమ్మాయి నా స్కూటరు వైపు తిరిగైనా చూడకుండా ఆయన కారెక్కి వెళ్లిపోవడం. మా ఆవిడకు ఆదివారాలు డ్యూటీ పడేది గనుక పిల్ల పెద్దమ్మ ఇంట్లో ఉండటం మా అందరికీ సౌకర్యమే. వాళ్లకు పిల్లలు లేరు. అది తెలిసి కూడా ఈర్ష్యపడ్డాను. రాయడానికి కూర్చున్నాక దాచడమెందుకు?

ఆకర్షణ పెద్దమ్మ చేసే బిర్యానీ అనుకున్నాను కొన్నాళ్లు. కాదు, పెదనాన్న సింగపూర్ నుంచి తెచ్చిన జాయ్‌స్టిక్. కంప్యూటర్లో విమానం ఆట, చేతిలో అసలు విమానంలో ఉండేలాంటి పిడి. ఆదివారం సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా, పెదనాన్నా తనూ కలిసి ఏ ఊళ్లో దిగారో, ఏ సముద్రంలో పడ్డారో వర్ణించేది. ఇది చాలదన్నట్టు, కుటుంబం గురించి రాయమని స్కూల్లో చెబితే, "మా పెదనాన్న విమానం నడుపుతారు, మా నాన్న ఆఫీసుకు వెళ్తారు" అని రాసింది. టీచరమ్మ దాని పక్కన ఎర్ర సిరాతో మెచ్చుకోలుగా చుక్క గుర్తు కూడా వేశారు. పద్దెనిమిదేళ్లుగా నిజం విమానాల ముళ్లు సరిచేస్తున్నవాణ్ణి, ఆ చుక్కను ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

ఆ వారమే అదే ఆట సీడీ, ఒక జాయ్‌స్టిక్ కొందామని నెహ్రూ ప్లేస్ వెళ్లాను. ఆ రోజుల్లో కంప్యూటరు సామాను కొన్నవాళ్లకు తెలుసు, అక్కడ దుకాణదారు దేనికీ కాదనడు. "చలేగా సర్‌జీ, సబ్ మే చలేగా" అని, అన్నిట్లోనూ పనిచేస్తుందని నా చేతిలో పెట్టిన మొదటి జాయ్‌స్టిక్‌కు పదిహేను సూదుల వెడల్పాటి ప్లగ్గు ఉంది, మా కంప్యూటరుకు అలాంటి రంధ్రమే లేదు. మర్నాడు వెళ్లి మార్చుకున్నాను. రెండోదాని ప్లగ్గు పట్టింది గాని కంప్యూటరు దాన్ని చుట్టంగా గుర్తించనంది, డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలంది. సీడీలో ఉన్న డ్రైవరేమో మా విండోస్ కంటే ఒక తరం వెనకటిది. విమానానికి పైలట్ ఉంటాడు గాని డ్రైవరేమిటండీ, అదేమైనా ఆర్టీసీ బస్సా అని మా ఆవిడ అడిగింది. నవ్వే స్థితిలో లేను. మా వీధి చివర సైబర్ కెఫేలో కొత్త డ్రైవర్ వెతికి ఫ్లాపీలో ఎక్కించుకొస్తే, మూడోసారికి ఆట తెరుచుకుంది. ఈర్ష్య మాత్రం ఏ డ్రైవరూ అడక్కుండా దానంతటదే ఇన్‌స్టాలయి కూర్చుంది.

తీరా విమానం లేచాక చూస్తే, చెయ్యి వదిలినా ఎడమకే ఒరుగుతోంది. పిడి అడుగున నాలుగు రబ్బరు కప్పులున్నాయి, బల్లను గట్టిగా పట్టుకోవడానికట. అవి బల్లను ముట్టుకోవడానికి కూడా మొహమాటపడేవి. కాస్త గట్టిగా లాగితే మొత్తం పీఠమంతా లేచి చేతిలోకి వచ్చేది. జాయ్‌స్టిక్‌లో జాయ్ అంతా గుర్గావ్ వెళ్లి, స్టిక్ మాత్రం మా ఇంటికి వచ్చిందనుకున్నాను.

అయితే నేను ఫిట్టర్‌ని. మా పనిలో ఒక ఆచారం ఉంది. ఏ పరికరాన్నయినా పరీక్షించి, దోషం రాసి, సరిచేసి, మళ్లీ పరీక్షించి, సంతకం పెడితే తప్ప విమానం దగ్గరకు పంపం. నేను ఆ ఆటబొమ్మకు కూడా ఒక నోటుబుక్కు పెట్టాను. మూడు సాయంత్రాలు పిడిని గుండ్రంగా తిప్పి, మధ్యకు తెచ్చి, కాలిబ్రేషన్ చేశాను. లోపలి స్ప్రింగు విప్పి కుడివైపు ఒక చుట్టు బిగించాను. చివరికి పీఠాన్ని ప్లైవుడ్ చెక్కకు నాలుగు స్క్రూలతో బిగించి, చెక్కను బల్లకు క్లాంపుతో పట్టించాను. ఏనుగొచ్చి లాగినా కదలదు. నోటుబుక్కులో "సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టి, శనివారం స్కూలు నుంచి వచ్చిన పిల్లను ఆ సింహాసనం ముందు కూర్చోబెట్టి, నేను వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పది నిమిషాలు ఆడింది. విమానం తాడుతో లాగినట్టు తిన్నగా వెళ్లింది, తిన్నగా దిగింది. "అచ్ఛా హై డాడీ" అంది, పక్కింటి పాపాయికి గౌను బాగుందని చెప్పినంత మర్యాదగా. తర్వాత కిందికి దిగి, రేపు పెదనాన్న ఎన్నింటికి తీసుకెళ్తారని అడిగింది.

ఆ ఆదివారం పిలవకుండానే నేనూ వాళ్ల కారెక్కాను. జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. సింగపూర్ సరుకులో ఏముందో విప్పి చూడాలనే దుర్బుద్ధి తప్ప మరేమీ లేదు. పప్పుచారు, కోడి వేపుడు అయ్యాక ఇద్దరూ ఆటకు కూర్చున్నారు. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ వెనక సోఫాలో కూర్చున్నాను.

చూస్తే ఆ జాయ్‌స్టిక్ నాదానికంటే అధ్వాన్నం. నాది ఎడమకు ఒరిగేది, అది రెండు వైపులా ఒరుగుతోంది. ఒక మీట ఊడిపోయింది. రబ్బరు కప్పులు నాలుగింటిలో ఒక్కటే మిగిలింది. అందుకని అంత పెద్ద ఉద్యోగీ కుర్చీ పక్కన నేల మీద మోకాళ్లపై కూర్చుని, పీఠాన్ని రెండు చేతులతో బల్లకు అదిమి పట్టుకున్నారు. పిల్ల కుడికి లాగితే ఆయనా కుడికి వెళ్తున్నారు, ఎడమకు లాగితే ఎడమకు. "ఒరేయ్ కెప్టెనూ, కాస్త మెల్లిగా తిప్పరా, పాసింజర్లు టీ తాగుతున్నారు" అంటున్నారాయన. "పెదనాన్నా, పకడో, పకడో, గిర్ రహా హై" అంటూ, పట్టుకోమని అరుస్తూ విరగబడి నవ్వుతోంది మా అమ్మాయి. విమానం పోయి సముద్రంలో పడింది. ఇద్దరికీ దిగులే లేదు, అక్కడే పడదామని టికెట్టు కొనుక్కున్నవాళ్లలా ఉన్నారు.

నా ఇంట్లో చేతులు కట్టుకుని నిలబడ్డ నన్ను నేను అప్పుడు చూసుకున్నాను. నాలుగు స్క్రూలు నేను బిగించింది ఎవరు కూర్చోవలసిన చోట్లోనో తెలిసింది.

అయినా మనసు ఊరుకోదు గదా. అన్నయ్యగారూ, నా దగ్గర స్క్రూడ్రైవరుంది, పది నిమిషాల్లో బాగుచేసిపెడతానన్నాను. ఆయన మోకాళ్ల మీంచి లేవకుండానే తల తిప్పి నవ్వారు.

"వద్దులే తమ్ముడూ. అది బాగుపడితే నన్ను లేచి వెళ్లమంటుంది."

సరదాగానే అన్నారు. వంటింటి గుమ్మంలో వదిన మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. నేను స్క్రూడ్రైవరు మీద చెయ్యి తీసేశాను.

మర్నాడు డ్యూటీ నుంచి రాగానే చెక్కకున్న స్క్రూలు నాలుగూ విప్పాను. పిల్ల చూసి, "డాడీ, ఫిర్ సే ఖరాబ్ హో గయా?" అంది. అవునమ్మా, ఇక బాగవదట అన్నాను. నా సర్వీసులో నేను చెప్పిన ఒకే ఒక అబద్ధపు రిపోర్టు అది. "తో ఆప్ పకడో" అని వెంటనే ఆజ్ఞ వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నాను. కాసేపయ్యాక ముఖం చిట్లించి, అంత గట్టిగా కాదు డాడీ, పెదనాన్న కొంచెం జారనిస్తారు, అప్పుడే మజా అంది. వేళ్లు వదులు చేయడం నేర్చుకోవడానికి నాకు ఆ చలికాలమంతా పట్టింది. జారనివ్వడంలో ఆయనంతటివాణ్ణి ఎప్పటికీ కాలేదు.

ఇప్పుడు అమ్మాయికి ముప్ఫై దాటాయి. తోడల్లుడు రిటైరై విశాఖలో స్థిరపడ్డారు. వాళ్ల బాల్కనీలోంచి కనిపించే సముద్రం ఫొటోలు ఫోనులో పంపిస్తారు, నేను బొటనవేలి బొమ్మ పంపిస్తాను. వస్తువులన్నీ ఇప్పుడు తగిలించగానే పనిచేస్తున్నాయి, పట్టుకోమని ఎవరూ ఎవర్నీ పిలవనక్కర్లేదు. ఈర్ష్య కూడా అంతే, అరచేతిలోకే వస్తోంది, రోజుకు పదిమంది మీద, పైపైన. ఆ రోజుల్లో ఒక మనిషి మీద ఈర్ష్యపడాలంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆయన కారులోనే వెళ్లి, ఆయనింట్లోనే భోంచేసి, ఆయన పక్కనే మధ్యాహ్నమంతా కూర్చోవలసి వచ్చేది. అంత దగ్గరగా కూర్చున్నాక ఆయన్ని ఇష్టపడకుండా ఉండటం నావల్ల కాలేదు.