పొయ్యి నంబరు, ఇంటి నంబరు

1974 జూలైలో నన్ను తిరువూరుకు వేశారు. అప్పటికి నేను విశ్వవిద్యాలయంలో ఆహారశాస్త్ర విభాగం లెక్చరర్‌ని, సర్వీసులో పదేళ్లు నిండినవాణ్ణి. ఉత్తర్వులో నా హోదా సమన్వయాధికారి. మా విభాగమూ వైద్య విభాగమూ కలిసి చేయాల్సిన ఒక పరిశోధన ఉంది. తిరువూరులో ఉండి, ఆ రెండు విభాగాల పనీ ఒక దారిన నడిచేట్టు చూడటం నా బాధ్యత.

పరిశోధన ప్రశ్న మంచిదే. ఆ మాట ఇప్పటికీ అంటాను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో జొన్న తగ్గుతోంది, వరి పెరుగుతోంది. జొన్నసంకటి వండిన పొయ్యిల మీద మిల్లు బియ్యం ఉడుకుతున్నాయి. ఈ మార్పు ఒంట్లో, ముఖ్యంగా ఆడవాళ్ల రక్తంలో, ఏం చేస్తోంది? తిండి సంగతి ఒక విభాగానికి తెలుసు, రక్తం సంగతి ఇంకో విభాగానికి తెలుసు. అందుకని నిధులిచ్చే సంఘం ఒక షరతు పెట్టింది. రెండు విభాగాలూ ఉమ్మడిగా అడగాలి, ఉమ్మడిగా నివేదిక ఇవ్వాలి. విడిగా ఎవరికీ పైసా రాదు. ఆ షరతుకు తలూపి, సంతకాలు పెట్టి నిధులు తెచ్చుకున్న పెద్దలు తర్వాత దాన్ని ఏం చేశారో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అందులో నా పాత్రా ఉంది. దాన్ని ఇరవై ఏళ్లు దాచాను.

మొదటి సమావేశం ఒక పూటంతా నడిచింది. ఏ ఊళ్లు తీసుకోవాలన్నది పావుగంటలో తేలిపోయింది. మిగిలిన సమయమంతా కార్డు మీద ఏ విభాగం పేరు ముందుండాలన్న దానికే సరిపోయింది. మా హెడ్డు గారు తగ్గలేదు, వైద్యం ప్రొఫెసరు గారు తగ్గలేదు. చివరికి ఎవరి కార్డు వాళ్లే అచ్చు వేయించుకోవాలని తీర్మానం చేసి టీ తాగి లేచారు. మాది పసుపు కార్డు, వాళ్లది తెల్ల కార్డు. పని అక్కడే చెడింది. అది ఎవరికీ పట్టలేదు, నాతో సహా.

ఎలా చెడిందో చెప్పాలంటే పద్ధతి కొంచెం చెప్పాలి. తిండి సర్వేలో కుటుంబం అంటే ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్లు. ఒకే కప్పు కింద ముగ్గురు అన్నదమ్ములు వేరు వండుకుంటుంటే అవి మూడు కుటుంబాలు. వండకముందు బియ్యం, పప్పు, నూనె తూస్తాం. వండాక మళ్లీ తూస్తాం. ఎవరి కంచంలో ఎంత పడిందో కొలత గిన్నెలతో రాసుకుంటాం. పసుపు కార్డు మీద ఉండేది పొయ్యి నంబరు, తినేవాళ్ల పేర్లు కాదు. వైద్యులు వేలి కొసన సూదితో గుచ్చి, రక్తపు చుక్కను వడపోత కాగితం మీదికి తీసి, ప్రయోగశాలకు పంపేవారు. వాళ్ల తెల్ల కార్డు మీద ఉండేది పంచాయతీ వాళ్లు తలుపు మీద రాసిన ఇంటి నంబరు.

ఈ తేడా మొదట పట్టుకున్నది రహమత్‌బీ. ఆమె మా క్షేత్ర పరిశోధకురాలు, తాత్కాలిక ఉద్యోగి. తిరువూరు మనిషే. తండ్రి బస్టాండు దగ్గర టైలరు. ఎస్సెల్సీ చదివింది, ముప్పై లోపు వయసు. భర్త లారీ ప్రమాదంలో కాలు పోగొట్టుకుని ఇంట్లో ఉండటంతో ఆమె జీతం మీదే ఇల్లు గడిచేది. ఇళ్లలోకి వెళ్లి వంట తూచడం మగవాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఆమెకు మాత్రం ఏ ఇంటి వంటగదిలోనూ అడ్డు లేదు. మేము తీసుకున్న ఊళ్లలో ఒకటైన వినగడపలో కోటమ్మ అనే రైతు ఇల్లాలు మొదటిరోజే వేళాకోళమాడింది.

"ఏం బీబమ్మా, మా ఆయన ముద్ద కూడా తూస్తావా? మీ త్రాసు విరిగిపోద్ది, చూసుకో!"

"విరిగితే గవర్నమెంటు ఇంకోటి ఇచ్చిద్దిలే వదినా. ముందు ఆ కందిపప్పు ఇటియ్యి."

నేను గుమ్మం బయటే ఉండి నవ్వాను. ఆ నెలాఖరున ఆమె రెండు కట్టల కార్డులు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "సార్, కోటమ్మ గారింట్లో మూడు పొయ్యిలు. డాక్టర్ల కార్డులో అందరికీ ఒకటే నంబరు. రక్తం తక్కువున్న మనిషి ఏ పొయ్యి మీద వండింది తిందో రేపు ఎట్లా తెలుసుద్ది?" అంది.

రెండు విభాగాలకూ ఉత్తరాలు రాశాను. వైద్యం ప్రొఫెసరు గారి జవాబు: ఇంటి నంబరు ప్రభుత్వం ఇచ్చింది, పొయ్యి నంబరు ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు. మా హెడ్డు గారి జవాబు: తలుపు అన్నం తినదు, మార్చుకోవాల్సింది వాళ్లే. ఎవరూ మార్చుకోలేదు. చదువుకున్నవాళ్లు, విదేశాలు చూసొచ్చినవాళ్లు, రెండు అంకెల దగ్గర పంతం పట్టి పరిశోధన గొంతు నులిమారు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

రహమత్‌బీ ఎవరి ఉత్తర్వుకూ ఎదురుచూడలేదు. సొంత డబ్బుతో లాంగు నోటుబుక్కు కొంది. వినగడప నుంచి తిరిగొచ్చే బస్సులో కూర్చుని రాసేది. ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస: పేరు, పొయ్యి నంబరు, ఇంటి నంబరు. పక్కన ఒకటి రెండు ముక్కలు. ఈ కోడలు మధ్యాహ్నం పక్కవీధిలో పుట్టింట్లో తింటుంది. ఈమె అందరి తర్వాత తింటుంది, అప్పటికి కూర మిగలదు. మేము నిధులు తెచ్చుకున్నది ఏ పనికోసమో, ఆ పని మొత్తం మీద ఆ పుస్తకంలోనే జరిగింది.

1976 ఫిబ్రవరిలో నిధుల సంఘం తరఫున ఒక పరిశీలకుడు తిరువూరులోని మా ఆఫీసుకు వచ్చాడు. మా హెడ్డు గారూ ప్రొఫెసరు గారూ చెరో జీపులో వచ్చారు. పరిశీలకుడు తెల్ల కార్డుల్లోంచి రక్తం బాగా తక్కువున్న ఒకామె కార్డు తీసి, ఈవిడ ఏం తింటుందో చూపించండి అన్నాడు. అది మూడు పొయ్యిల ఇల్లు, మూడు పసుపు కార్డులున్నాయి. ఆమెది ఏదో ఎవరూ చెప్పలేకపోయారు. పక్కగదిలో రహమత్‌బీ ఉంది, పుస్తకం ఆమె సంచిలో ఉంది. నేను లేవబోయాను. మా హెడ్డు గారు తల తిప్పకుండానే, "కూర్చోవయ్యా" అన్నారు. రెండు విభాగాలు చేయలేనిది ఒక తాత్కాలిక ఉద్యోగి చేసిందని బయటపడితే పరువు పోతుందని ఆయన భయం. నేను కూర్చున్నాను.

నెల తిరక్కుండా సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. జవాబు ముసాయిదా నన్నే రాయమన్నారు. సిబ్బంది లోపం అని ఎక్కడో ఒకచోట పెట్టమన్నారు మా హెడ్డు గారు. అంతవరకే ఆయనది. "క్షేత్ర పరిశోధకురాలి నిర్లక్ష్యం వల్ల కార్డుల అనుసంధానం జరగలేదు, ఆమెను విధుల నుంచి తొలగించాం" అన్న వాక్యం నాది. నిర్లక్ష్యం అన్న మాట ఎవరూ నాకు చెప్పి రాయించలేదు. మాకున్న క్షేత్ర పరిశోధకురాలు ఒక్కరే, కాబట్టి పేరు రాయకపోయినా తేడా లేదు. కార్డు మీద పేర్ల దగ్గర రాజీపడని ఇద్దరు పెద్దలూ ఆ జవాబు మీద ఒకే రోజు సంతకాలు చేశారు. ఆ రెండేళ్లలో వాళ్లు నిజంగా ఉమ్మడిగా చేసిన పని అదొక్కటే.

రెండో విడత నిధులు ఎలాగూ ఆగిపోయాయి. పెద్దలకు నష్టం లేదు. తిండి మీద వీరొక వ్యాసం, రక్తం మీద వారొక వ్యాసం అచ్చు వేసుకున్నారు. ఒకదాంట్లో రెండోదాని ప్రస్తావన లేదు.

నష్టపోయింది రహమత్‌బీ. గ్రామసేవిక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుని, అనుభవ పత్రం కోసం నా దగ్గరికి వచ్చింది. ఫైల్లో ఆ వాక్యం ఉండగా పత్రం ఇవ్వకూడదు. ఫైల్లో నిర్లక్ష్యం అని ఉంది, ఇవ్వలేనని చెప్పాను.

"నిర్లక్ష్యం అని ఎవరు రాశారు సార్?"

"పైనుంచి వచ్చిందమ్మా."

"పైవాళ్లు నా పని ఎప్పుడు చూశారు సార్? వినగడపలో ఏనాడైనా జీపు దిగారా?"

ఆమె సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, ఆ ఆడవాళ్లకైనా పనికొస్తుందేమో చూడమని వెళ్లిపోయింది. దాన్ని హెడ్డు గారికి అందించాను. ఆయన అట్ట మీద 'అనధికారికం' అని రాసి బీరువాలో పెట్టించారు. రెండు విభాగాల్లో ఎవరూ దాన్ని తెరవలేదు.

పదవీ విరమణ తర్వాత, ఆ వాక్యం తప్పని రికార్డులో నమోదు చేయమని విశ్వవిద్యాలయానికి రాశాను. కాలం తీరిన ఫైళ్లతో పాటు ఆ ఫైలునూ, దాంతో ఉన్న కాగితాలనూ తీసేశామని రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రాసేముందు తిరువూరు వెళ్లాను. రహమత్‌బీ తన తండ్రి మిషను మీద జాకెట్లు కుడుతోంది. సంగతంతా చెప్పాను. కుట్టు ఆపి విన్నది.

"ఇప్పుడెందుకు సార్? అప్పుడొక్క కాగితం ముక్క ఇచ్చుంటే ఈపాటికి సూపర్‌వైజర్ని అయ్యేదాన్ని," అంది. ఆమె కోపంలో న్యాయం ఉంది. క్షమించమని అడిగే అర్హత నాకు లేదనిపించి అడగలేదు. మళ్లీ తనే అంది: "రాస్తే ఇది కూడా రాయండి. వినగడప ఆడవాళ్లు మూడేసిసార్లు వేళ్లిచ్చారు. రక్తం తక్కువుందని గానీ, ఏం తినాలని గానీ ఒక్కళ్లకి కూడా ఎవరూ చెప్పలేదు."

నిజమే. మేము చెప్పలేదు. ఎవరికి ఏం చెప్పాలో మా కార్డులను బట్టి మాకే తెలియదు.

ఉమ్మడి పరిశోధనలకు నిధులిచ్చేవాళ్లకు ఈ అనుభవం నుంచి నేను చెప్పగలిగింది ఇంతే. దరఖాస్తు మీద ఎన్ని విభాగాల సంతకాలున్నాయో లెక్కపెట్టుకుని తృప్తిపడకండి. ఆర్నెల్లు కాగానే ఊరికి వెళ్లి, ఒక మనిషి పేరు చెప్పి, ఈవిడ ఏం తిన్నది, ఈవిడ రక్తం ఎంత, ఆ రెండూ ఈవిడకు ఎవరు చెప్పారు అని అడగండి. ఆచార్యులు జవాబు చెప్పలేకపోతే పక్కగది తలుపు తీసి చూడండి. జవాబు చెప్పగలిగిన మనిషి అక్కడుంటే, ఆ మనిషి ఉద్యోగం ముందు ఖాయం చేసి, తర్వాత మిగతావాళ్ల సంగతి మాట్లాడండి.