గోడవతల పడేసిన గన్నేరు కొమ్మలు

మా వంటింటి కిటికీకి ఏళ్ల తరబడి ఒక తెర కట్టి ఉండేది. ఎందుకని ఎవరైనా అడిగితే దుమ్ము అనేదాన్ని. దుమ్ము కాదు. ఆ కిటికీలోంచి పెరటి గన్నేరు కనిపిస్తుంది. దాన్ని చూస్తూ నేను అన్నం వండలేకపోయేదాన్ని. ఈ బరువు మీ దగ్గర దించుకుంటున్నాను. మీరు నన్ను ఎరగరు, అందుకే.

మాది ఇస్నాపూర్ దగ్గర ఊరు. మా ఆయన కిరాణా కొట్టు నడుపుతాడు. కంపెనీల లారీలు పోయే దారి పక్కనే ఇల్లు కావడంతో, ఏ మొక్క పెట్టినా ఆకుల మీద దుమ్ము పేరుకుని మాడిపోయేది. నర్సరీ అతను గులాబీ రంగు గన్నేరు చేతిలో పెట్టి, "ఏడాదంత పచ్చగుంటదమ్మా. మేకలు గూడ ముట్టయి, ఆకు విషం" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. తెలియదని తర్వాత తప్పించుకోకుండా ఇక్కడే చెప్పేస్తున్నాను.

నాకు మొక్కల పిచ్చి, దానికి తోడు నోటి దురుసు. ఎవరైనా ఆకు తుంపితే ఊరుకునేదాన్ని కాదు. వెనకింటి నర్సమ్మ కోడలు లావణ్యను మాత్రం ఏమీ అనేదాన్ని కాదు. సోమవారం సోమవారం వచ్చి, శివుడికని బుట్టెడు పూలు కోసుకుపోయేది.

ఒక ఎండాకాలం గన్నేరు కరెంటు తీగల దాకా పెరిగితే కత్తిరించాను. చెత్త బండి రాలేదు. కొమ్మలన్నీ గోడవతల ఖాళీ జాగాలో పడేశాను. నర్సమ్మ వాళ్ల బర్రెను కట్టేసేది అక్కడే. చేదాకు, ముట్టదులే అనుకున్నాను. ఎండకు వాడి గడ్డిలో కలిసిపోతే తింటుందని నాకు తట్టలేదు. ఇంతవరకు జరిగింది పొరపాటే అనుకుందాం. నా పాపం మర్నాడు మొదలైంది.

పొద్దున్నే గోడవతల ఏడుపులు వినబడి వెళ్లాను. బర్రె పడిపోయి ఉంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ ఇంటికి అదొక్కటే ఆధారం. పశువుల డాక్టర్ వంగి చూస్తూ, ఏం తిన్నదని అడిగాడు. లావణ్య, "నిన్న కంపెనీ కాలువ దిక్కు తోలుకపోయిన సారూ. ఆ నీళ్లు తాగినట్టున్నది" అంది. అందరూ తలలూపారు. మా దగ్గర పశువు పడితే ముందు కంపెనీల విషం కలిసే ఆ కాలువనే అంటారు.

నా కాలి పక్కనే సగం నమిలిన కొమ్మ ఉంది. దాన్ని చెప్పుతో గడ్డి కిందికి తోశాను.

ఎందుకు తోశాను? నలుగురిలో పరువు పోతుందనా? నర్సమ్మ నోటికి భయపడా? అప్పుడే చెప్పి ఉంటే డాక్టర్ ఏదైనా మందు వేసేవాడేమో, బర్రె లేచేదేమో, లేచేది కాదేమో. ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలియదు, అదే నన్ను తినేస్తోంది. మధ్యాహ్నానికి బర్రె చచ్చిపోయింది. జనం పోయాక కొమ్మలన్నీ ఏరి గోనెసంచిలో కుక్కాను.

నర్సమ్మ కోడలిని వదల్లేదు. బువ్వ పెట్టే బర్రెను చేతులారా చంపిందని వీధిలో నిలబెట్టి తిట్టేది. ఒకరోజు లావణ్య మా గుమ్మంలో కూలబడింది.

"అక్కా, నేనే సంపిన్నా?"

"నీకేం తెలుసు లావణ్యా? నీళ్లు గసొంటియి. మనసుల పెట్టుకోకు."

ఎంత తెలివిగా ఓదార్చానో చూడండి. నువ్వు కాదని అనలేదు. ఆమె నా చేయి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గులేకుండా.

పాలు లేక ఇల్లు గడవడం కష్టమై, లావణ్య కంపెనీ బస్సెక్కి షిఫ్టులకు పోవడం మొదలుపెట్టింది. అయినా సోమవారం పూలకు రావడం మానలేదు. ఆ చెట్టు పూలే కోసుకుపోయేది. నేను కొమ్మ వంచి అందించేదాన్ని.

ఈమధ్య ఒక సోమవారం నవ్వుకుంటూ వచ్చింది. "అక్కా, ఇన్నేండ్లకు బర్రెదూడను తెచ్చుకున్నం. నీ గన్నేరు కొమ్మొకటియ్యి, కొట్టం కాడ పెడ్త. ఎండకాలం గూడ పచ్చగుంటది."

కత్తెర తెచ్చాను. కొమ్మ పట్టుకున్నాను. కత్తెర కింద పెట్టేశాను.

"వద్దు లావణ్యా. పసులకు ఇది విషం. నాడు మీ బర్రె తిన్నది గిదే. గోడవతల ఏసింది నేనే."

ఆమె తన చేతిలోని పూలబుట్ట వైపు చూసింది. తలెత్తి అడిగింది.

"డాక్టర్ అడిగినప్పుడు నీకు ఎరుకేనా అక్కా?"

"ఎరుకే."

బుట్టలోని పూలన్నీ మా అరుగు మీద ఒంపేసి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. క్షమించమని నేనూ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? ఆ తర్వాతి సోమవారం ఆమె రాలేదు. ఇక రాదని నాకు తెలుసు.

ఆ పూలు గోడవతల వేయకుండా గొయ్యి తీసి పాతిపెట్టాను. వంటింటి కిటికీ తెర తీసేశాను. ఇప్పుడు ఆ చెట్టును చూస్తూనే అన్నం వండుతున్నాను.