జ్వరాలు లేని వాడ

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది నేను ఆర్మూరులో ఏఎన్‌ఎంగా పనిచేసేదాన్ని. గర్భిణులకు సూదులు వేయడం, పిల్లలకు టీకాలు వేయడం, ఇంటింటికీ తిరిగి జ్వరాలు ఎవరికున్నాయో రిజిస్టర్లో రాసుకుని సాయంత్రం దవాఖానలో డాక్టరుగారికి చూపించడం నా పని. నాకిచ్చిన వాడ ఊరి చివర, పసుపు మిల్లుల వెనక ఉండేది. అక్కడి ఆడవాళ్ళలో చాలామందికి ఆ మిల్లులే ఆధారం. మగవాళ్ళలో కొందరు హమాలీలు, కొందరు దుబాయికి పోయినవాళ్ళు. హిందువుల ఇళ్ళూ క్రైస్తవుల ఇళ్ళూ గోడకు గోడ ఆనుకుని ఉండేవి.

ఆ వాడలో దగ్గు రోగం కాదు. పొద్దంతా పసుపు దుమ్ము పీల్చినవాళ్ళు దగ్గకుండా ఎలా ఉంటారు? నేను చేరిన కొత్తలో ఆ దగ్గులు విని బెదిరిపోయి, క్షయ పరీక్ష కోసం ఇంటింటికీ కఫం డబ్బాలు పంచాను. వాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఏడాది గడిచేసరికి నాకూ ఆ చప్పుడు అలవాటైపోయింది.

ఆ వానాకాలం చివర ఒక ఉదయం వాడలో నడుస్తుంటే ఏదో తక్కువైనట్టు అనిపించింది. కుక్కలు ఉన్నాయి, నల్లా దగ్గర బిందెలు ఉన్నాయి, పొయ్యిల పొగ ఉంది. నాలుగైదు ఇళ్ళు దాటాక గానీ అర్థం కాలేదు. ఎవరూ దగ్గడం లేదు.

అంతకు వారం ముందే వాడలో డప్పు కొట్టి చాటింపు వేశారట. హైదరాబాదులో మనుషులు చనిపోతున్నారని టీవీలో రోజూ చూపిస్తున్నారు. రోగమున్నవాళ్ళను పట్టుకుపోయి అద్దాల గదిలో పెడతారని, చనిపోతే ముఖం కూడా చూడనివ్వరని చెప్పుకుంటున్నారు. వాడ పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకున్నారు. ఏ ఇంట్లో ఆ రోగం తేలితే ఆ ఇంటికి నల్లా నీళ్ళు బంద్, పాలు బంద్, మిల్లులో పని బంద్ అని చాటింపు. పెద్దమనుషుల్లో అందరికంటే పెద్దాయన, తెల్లటి రుమాలు చుట్టుకునే మనిషి, నాతోనే అన్నాడు: "అందరి మంచికే సిస్టరమ్మా. ఒక్కింటి కోసమని వాడంత ఆగం గావద్దు గదా."

మిల్లుల్లో ఇంకొకటి జరిగింది. అక్కడి ఆడవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా దుమ్ముకు ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకునేవారు. ఆ ఏడు గుడ్డలు విప్పమన్నాడు యజమాని. టీవీలో రోగమున్న చోటల్లా గుడ్డలు కట్టుకున్న ముఖాలే కనిపిస్తుంటే, బయటినుంచి వచ్చే వ్యాపారులు ఇక్కడి గుడ్డలు చూసి ఏమనుకుంటారని ఆయన భయం. ఒకరోజు మాత్రలు ఇవ్వడానికి మిల్లులోకి వెళ్ళాను. యంత్రాల మోత మధ్య పాతికమంది ఆడవాళ్ళు, ఎన్నడూ చూడని పూర్తి ముఖాలతో, కనుబొమల దాకా పసుపు పట్టి, నోళ్ళు బిగించుకుని పనిచేస్తున్నారు. దగ్గు వచ్చినప్పుడు ఒకామె మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు మాత్రం తెరవలేదు. నేను చూస్తున్నానని తెలిసి నవ్వింది.

దవాఖానలోనూ ఇదే తీరు. మా డాక్టరుగారు చెడ్డమనిషి కాదు. రిజిస్టర్ తిప్పి, జ్వరాల గడిలో "లేవు" అని చూసి ఊపిరి పీల్చుకునేవారు. ఒక్క కేసు రాస్తే పైనుంచి ఫోన్లు, మీటింగులు, పేపరువాళ్ళు. "లేకపోతే లేవనే రాయమ్మా, ఉన్నాయని వెతుక్కోవద్దు" అన్నారొకసారి. నేను ఇంటింటా అడిగాను, లేవన్నారు, లేవని రాశాను. చేతిరాత చక్కగా ఉండేది.

కొన్నాళ్ళకు ఇంకో సంగతి గమనించాను. నేను వాడ మొదట్లో అడుగుపెట్టగానే మొదటి ఇంట్లో టీవీ మోత పెరిగేది. తర్వాత రెండో ఇంట్లో, మూడో ఇంట్లో. నేను నడిచేకొద్దీ నాకంటే ముందు ఆ మోత నడిచేది. సీరియళ్ళు, పాటలు, వార్తలు కలిసిపోయి గుమ్మంలో నిలబడి అడిగే ప్రశ్న నాకే వినిపించేది కాదు. అందరూ చెయ్యి ఊపేవారు, లేదన్నట్టు.

మూలమీది ఇంట్లో ఒక గర్భిణి ఉండేది. ఆరో నెల. అత్తా ఆమే ఇద్దరూ మిల్లులో పనిచేసేవారు. వాడంతా అత్తను పెద్దమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. కొడుకు దుబాయిలో ఉండి, దసరాకు సెలవు మీద వచ్చాడు. రోగం విమానాల్లోనే వస్తుందని అందరూ అనుకునే రోజులు. వచ్చిన నాలుగో రోజు నుంచి అతను కనిపించలేదు. భీమ్‌గల్‌లో అక్క దగ్గరికి పోయిండని పెద్దమ్మ చెప్పింది.

నేను పొద్దున వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ, మిల్లుకు పోయేముందు, గడప మీద అడ్డంగా కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది. కోడలి గురించి అడిగితే పండుకుంది అనేది, స్నానం చేస్తోంది అనేది. నేను గట్టిగా పలకరించేదాన్ని. మొదటిసారి లోపలినుంచి "మంచిగనే ఉన్న సిస్టర్, జర పనిల ఉన్న" అని జవాబు వచ్చింది. తర్వాతి వారం "మంచిగనే" అన్న మాట ఒక్కటే వచ్చింది. ఆ తర్వాత వెళ్ళినప్పుడు మాట లేదు. లోపల ఎక్కడో గాజులు గోడకు రెండుసార్లు తగిలిన చప్పుడు మాత్రం వచ్చింది.

"విన్నవా బిడ్డా, మంచిగనే ఉన్నదట" అంది పెద్దమ్మ బియ్యం మీదినుంచి తల ఎత్తకుండా.

లోపలికి వెళ్ళాల్సింది. గడప దాటడానికి ఆమె కాలు పక్కకు జరిపితే చాలు. ఎందుకు వెళ్ళలేదని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. లోపల ఏముందో తెలిస్తే రాయాలి. రాస్తే ఆ ఇల్లు ఏమవుతుందో నాకు తెలుసు. తెలియకుండా ఉండడమే ఆ ఇంటికి మేలు చేసినట్టు అనిపించింది. "లేవు" అని రాసి తర్వాతి ఇంటికి వెళ్ళాను.

చలికాలం వచ్చేసరికి తెలంగాణ కోసం బందులు మొదలయ్యాయి. బస్సులు డిపోలో ఆగిపోయాయి, దుకాణాలు మూతపడ్డాయి. అలాంటి ఒక బందు రోజు మధ్యాహ్నం నేను వాడకు నడిచి వెళ్ళాను. మిల్లులు ఆపేశారు కాబట్టి చాలామంది ఇళ్ళలోనే ఉన్నారు. ఎప్పటిలాగే టీవీలు మోగాయి. నేను వాడ మధ్యకు వచ్చేసరికి కరెంటు పోయింది.

అన్ని టీవీలూ ఒక్కసారే ఆగిపోయాయి. ఒక్క క్షణం పిట్ట చప్పుడు కూడా లేదు. ఆ తర్వాత దగ్గులు వినిపించాయి.

ముందు కుడిపక్క ఇంట్లో ఒక ముసలి దగ్గు. ఎదురింట్లో చిన్నపిల్ల దగ్గు, ఎవరో దాని నోరు మూసినట్టు మధ్యలో తెగింది. వెనక ఇంట్లో ఇద్దరు, ఆ పక్క గోడ అవతల ఇంకొకరు. మూసిన తలుపుల వెనక, నాకు రెండు వైపులా, వాడ పొడుగునా దగ్గుతూనే ఉన్నారు. ఆపుకోవాలని చూసినకొద్దీ ఎక్కువయ్యాయి. ఏ తలుపూ తెరుచుకోలేదు. ఏ కిటికీలోనూ ముఖం లేదు. పట్టపగలు, నెత్తిన ఎండ, చేతిలో అన్ని గడుల్లోనూ "లేవు" అని రాసిన రిజిస్టర్.

మూలమీది ఇంట్లోంచి వచ్చింది దగ్గు కాదు. ఊపిరి. కుక్కపిల్ల రొప్పినట్టు పొట్టిగా, వేగంగా గోడ అవతలికి వినిపిస్తోంది. వెళ్ళి తలుపు కొట్టాను. పెద్దమ్మ సందు తీసి చూసింది.

"ఏం లేదు బిడ్డా. పసుపు దుమ్ము."

"నీ కోడలు మిల్లుకు పోక రెండు నెలలైంది పెద్దమ్మా, ఏం దుమ్ము?" అన్నాను.

ఆమె సందు ఇంకా తగ్గించింది. అప్పుడు ఆమె వెనక చీకట్లోంచి ఒక మగమనిషి వచ్చి నిలబడ్డాడు. గడ్డం పెరిగి, ఎండ తగలని మనిషి తెల్లదనంతో, పట్టపగటి వెలుతురుకు కళ్ళు చికిలించుకుంటున్నాడు. భీమ్‌గల్‌కు పోయాడన్న కొడుకు. అతనికి జ్వరం వచ్చిందీ ఆ ఇంట్లోనే, తగ్గిందీ ఆ ఇంట్లోనే. తగ్గాక కూడా బయటికి రావడానికి దారి లేక, ఉన్నాడని ఎవరికీ చెప్పలేక, రెండు నెలలు లోపలి అర్రలోనే ఉండిపోయాడు.

"అమ్మా, తలుపు తియ్యి" అన్నాడు. మాట్లాడక గొంతు బొంగురుపోయింది. "సిస్టర్, దాన్ని తీస్కపోండ్రి. గోళీలు తెప్పిచ్చిన, తగ్గలే."

కోడలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదట. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. మెడ కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. నన్ను చూసి, అలవాటు కొద్దీ కాబోలు, చేతిగాజులు గోడకు తగిలించింది.

ఫోనులో 108 బండిని పిలిచాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె చేతుల గీతల్లో పసుపు కడిగినా పోనంతగా ఇంకిపోయి ఉంది.

"రాయకు బిడ్డా. రాస్తే మమ్ముల బతకనియ్యరు. గా బండి మోత లేకుంట రమ్మను."

మోత లేకుండానే రమ్మన్నాను. బండి వచ్చేసరికి కూడా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. కానీ దగ్గులన్నీ ఆగిపోయాయి. వాడంతా ఊపిరి బిగబట్టి వింటోంది.

నిజామాబాదు రోడ్డు మీద ఊరు దాటకముందే ఆపారు. అడ్డంగా బండరాళ్ళు, కాలుతున్న టైర్లు. రోడ్డు మధ్యనే పొయ్యిలు పెట్టి వందలమంది వండుకుని తింటున్నారు. భుజాలు రాసుకుంటూ బారులు తీరి కూర్చున్నారు, ఒకే గ్లాసు చేతులు మారుతోంది, పాటలు పాడుతున్నారు. మా వాడవాళ్ళు కూడా ఉన్నారు. నెలలుగా పక్కింటి గుమ్మం తొక్కనివాళ్ళు ఒకే విస్తరి దగ్గర వంగి ఉన్నారు. అక్కడ భయం ఉన్నట్టే లేదు. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఆ క్షణంలో నాకు తోచలేదు. తర్వాత అనిపించింది, అక్కడ ఎవరినీ ఎవరూ వెలివేయరని వాళ్ళకు తెలుసు.

బండి దగ్గరికి వచ్చింది ఆ తెల్ల రుమాలు పెద్దమనిషే. వెనక తలుపు తెరిచి లోపలికి చూశాడు.

"ఏం కేసు సిస్టరమ్మా?"

"కాన్పు" అన్నాను. నేనూ అబద్ధమే చెప్పాను.

ఆయన చూపు ఆమె మూతికి పెట్టిన ఆక్సిజన్ మీద నిలిచింది. అక్కడినుంచి, భీమ్‌గల్‌లో ఉండాల్సిన ఆమె భర్త ముఖం మీదికి వెళ్ళింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన తలుపు మెల్లగా మూసి వెనక్కి తిరిగాడు.

"జర జరుగుండ్రి, కాన్పు బండి" అన్న మాట అద్దం అవతలినుంచి వినిపించింది. రాళ్ళు తీశారు.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. వెంటనే విడిగా ఉన్న వార్డులోకి తీసుకెళ్ళి మందు మొదలుపెట్టారు. రెండో రోజు కడుపులో బిడ్డ కదలడం ఆగిపోయింది. తల్లి చాలా రోజులు మిషను మీద ఉండి, బతికింది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. వారం ముందు తెచ్చి ఉంటే ఇద్దరూ దక్కేవారని మాత్రం చెప్పింది. వారం ముందు నేను ఆ గుమ్మంలోనే ఉన్నాను.

ఆర్మూరుకు తిరిగి వచ్చిన సాయంత్రమే రిజిస్టర్లో కేసు రాశాను. మా డాక్టరుగారు దాన్ని చూసి, సంతకం పెట్టి, లేచి వెళ్ళిపోయారు.

నాలుగు రోజులకు నాకూ జ్వరం వచ్చింది. నేను అద్దెకుండే గది ఇంటి యజమానురాలి వంటింటికి ఆనుకుని ఉండేది. దగ్గు వచ్చినప్పుడల్లా దిండులో ముఖం దాచుకున్నాను. ఎవరికి భయపడ్డానో, ఏమని భయపడ్డానో, రోగం గురించి అంత తెలిసినదాన్ని నేనే చెప్పలేను. ఆమె తలుపు అవతలినుంచి "ఏమైంది?" అని అడిగితే నా నోట వచ్చిన మాట, "పసుపు దుమ్ము."

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం గుమ్మం ముందు గిన్నెలో జావ ఉండేది. పెట్టేటప్పుడు అడుగుల చప్పుడు కూడా వినిపించేది కాదు.

నేను తిరిగి పనిలోకి వచ్చిన మొదటి రోజు, నేను కూర్చునే సబ్‌సెంటరు వెనక కిటికీ దగ్గర ఎవరో నిలబడినట్టు అనిపించింది. ఆ పెద్దమనిషి. రుమాలు విప్పి చేతిలో నలుపుతున్నాడు. మనవరాలికి ఐదు రోజులుగా జ్వరమట. గోళీలు కావాలన్నాడు. "పేరు రాయకు" అన్నాడు.

ముందు మీ చాటింపు వెనక్కి తీసుకోండి, తర్వాత మాట్లాడదామన్నాను. మాత్రలు మాత్రం అప్పుడే ఇచ్చి, ఆయనతోనే ఇంటికి వెళ్ళి పిల్లను చూశాను. ఆయన కళ్ళ ముందే పేరు రాశాను.

మరుసటి ఆదివారం డప్పు మళ్ళీ మోగింది. రోగమొచ్చిన ఇంటికి నీళ్ళు ఆపొద్దన్నారు. ఎందుకు మార్చుకున్నారో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ వారం నా రిజిస్టర్లో ముప్పైకి పైగా పేర్లు పడ్డాయి. చాలామందికి అప్పటికే తగ్గిపోయింది. అయినా వచ్చి చెప్పారు, తప్పు ఒప్పుకున్నట్టు, తల దించుకుని.

కోడలు ఇంటికి వచ్చాక చూడటానికి వెళ్ళాను. పెద్దమ్మ గడప మీదినుంచి లేచి పక్కకు జరిగింది. కొడుకు తిరిగి దుబాయికి వెళ్ళిపోయాడు. కోడలు మంచం మీద కూర్చుని ఉంది, చిక్కి సగమైంది. చెయ్యి పట్టుకుని నాడి చూశాను.

"గప్పుడు గాజులు కొట్టింది మంచిగున్న అని కాదు సిస్టర్" అంది. "లోపటికి రమ్మని."

ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. తనూ వెనక్కి తీసుకోలేదు.