బేసు డబ్బా బుయ్యిమన్న ఆదివారం

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినాలని ఇంటికొచ్చిన వాళ్లందరికీ మా ఆవిడ ముందే చెబుతుంది. ఆ సగం ఏదో ఆవిడక్కూడా తెలియదు. అందుకని మొదటే ఒప్పుకుంటున్నాను. మా ఆర్కెస్ట్రా రోజుల్లో నా బేస్ గిటారు మోతకి ఫిరంగి పేలిందనుకుని తిరుమలగిరిలో మిలిటరీ వాళ్లు లైన్లో నిలబడ్డారని పాతికేళ్లుగా చెబుతున్నది అబద్ధం. ఒక పెళ్లిలో పప్పు గిన్నె మీద మూత మాత్రం కదిలింది. అది నిజం. ఇక్కణ్ణుంచి రాసేదీ నిజమే.

ఆ మోత వచ్చే పెట్టెను తయారుచేసింది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా పనిచేసిన అన్న. సొంత అన్న కాదు. సామర్లకోట నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు, నాకన్నా ఆరేళ్లు పెద్ద, ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు ఆయనది. ఆంప్లిఫయరు కొనే స్తోమత నాకు లేదని తెలిసి, పడగొడుతున్న ఒక సినిమా హాల్లోంచి పెద్ద స్పీకరు సంపాదించి, ప్యాకింగు చెక్కతో పెట్టె కట్టి, లోపలి సర్క్యూటు తనే అతికి నా చేతికిచ్చాడు. దాన్ని మేం డబ్బా అనేవాళ్లం. ఆయన క్వార్టరు వరండాలోనే మా రిహార్సల్సన్నీ జరిగేవి. తర్వాత పెళ్లిళ్లలోకి డీజేలు వచ్చారు. మా ఆర్కెస్ట్రా ఆగిపోయిందని ఎవరూ ప్రకటించలేదు, ఆగిపోయిందంతే. నేను ఏ.ఎస్. రావు నగర్‌లో అపార్ట్‌మెంటుకి మారాను. లాలాగూడకి స్కూటరు మీద అరగంట. ఆ అరగంట నాకు ఏళ్ల తరబడి దొరకలేదు.

మొన్న వేసవిలో ఒక శుక్రవారం మా పాత డ్రమ్మరు ఫోను చేశాడు. అన్న రిటైరయ్యాడట, క్వార్టరు ఖాళీ చేస్తున్నాడట, సోమవారం సాయంత్రం బండికి భార్యతో సామర్లకోట వెళ్లిపోతున్నాడట. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆ వరండాలో ఆయన పక్కన నిలబడి ఒక్కసారి వాయించాలి, అంతే. సోమవారం దాటితే ఆ వరండా ఇంకెవరిదో.

శనివారం పొద్దున్నే అటక మీంచి డబ్బా దించాను. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశానో లేదో, తుమ్మెదల గుంపు ఇంట్లోకి దూరినట్టు బుయ్యిమని ఒకటే మోత.

"ఏందీ, ఫ్రిజ్ ఖరాబైందా?" వంటింట్లోంచి మా ఆవిడ.

"ఫ్రిజ్ కాదు, నా డబ్బా."

"గిన్నేండ్లు సప్పుడు లేకుండ ఉండె గదా. మళ్ల షురూ జేసిండ్రా?"

డబ్బా బుయ్యిమంటే ఏం చేయాలో అన్న నేర్పిన వరస నాకింకా నోటికి వచ్చు. ముందు గిటారు వైరు పీకాలి. మోత ఆగితే తప్పు గిటారుదో, వైరుదో. ఆగకపోతే డబ్బాదో, ఇంటి కరెంటుదో. పీకాను. ఆగలేదు. ట్యూబ్‌లైటు ఆర్పాను, ఇన్వర్టరు కట్టేశాను, ఫ్యాను రెగ్యులేటరు తిప్పేశాను. ఫ్యాను ఆగగానే మా ఆవిడ అన్న మాట ఇక్కడ రాయలేను. మోత కొంచెం పలచబడింది గానీ పోలేదు. చివరికి డబ్బా వెనక రేకు మీద చెయ్యి పెట్టాను. వేళ్లు సన్నగా జివ్వుమన్నాయి, మోత సగానికి సగం పడిపోయింది. "చెయ్యి తగిలితే తగ్గుతోందంటే దానికి ఎర్తు అందడం లేదన్నమాట. నేల ఎక్కడుందో అని నిన్ను పట్టుకుని వెతుక్కుంటోందిరా" అనేవాడు అన్న. ప్లగ్గు పీకి విప్పి చూస్తే, ఎర్తుకి వెళ్లే ఆకుపచ్చ వైరు స్క్రూలోంచి జారిపోయి పక్కన పడుంది. బిగించాను. డబ్బా మూగదైపోయింది.

ఆ సంబరంలో ఫోను చేశాను.

"అన్నా, రేపు వస్తున్న. గిటారు తీసి పెట్టు."

"గిటారా? అది అమ్మేసి ఎన్నాళ్లయిందిరా! ఇల్లంతా అట్టపెట్టెలు. కూర్చోడానికి కుర్చీ కూడా లేదు."

"జెర సేపే అన్నా..."

"ఇప్పుడవన్నీ ఎందుకురా. సోమవారం స్టేషనుకి రా. చెయ్యూపి పోదువుగాని."

పచ్చజెండా ఊపడానికి నేనేమన్నా గార్డునా? ఇలాంటప్పుడే నా పాత విద్య ఆదుకుంటుంది.

"అది కాదన్నా. డబ్బా బుయ్యిమంటున్నది. మస్తు పరేషాన్ చేస్తున్నది."

"వైరు పీకి చూశావా?"

"చూసిన. ఆగలే."

"రేకు ముట్టుకున్నావా?"

నిజం చెబితే అంతా అక్కడితో అయిపోతుంది. "ముట్టుకున్న. ఏం ఫరక్ లేదు."

"అదేంట్రా, విచిత్రంగా ఉందే! సరే, రేపు ఎత్తుకొచ్చెయ్."

ఫోను పెట్టేసి, మళ్లీ ప్లగ్గు విప్పి, బిగించిన ఆకుపచ్చ వైరును నా చేత్తోనే ఊడదీశాను.

ఆదివారం మధ్యాహ్నం ఆటోలో డబ్బాతో, గిటారుతో దిగేసరికి వరండా నిండా తాళ్లు కట్టిన పెట్టెలు. గుమ్మంలో వదిన నిలబడి ఉంది. మా రిహార్సల్ మొదలవగానే లోపలికెళ్లి తలుపు వేసుకునే మనిషి.

"అమ్మయ్యో, ఇది ఇంకా బతికే ఉందా?"

"మీరు పోతున్నరని ఏడుస్తున్నది వదినా. వినుండ్రి ఒక్కసారి."

"మీ కోతలు సామర్లకోట దాకా వినపడతాయి లెండి."

అన్న బాగా చిక్కిపోయాడు. జుట్టంతా పోయింది. సామానంతా కట్టేశారు గానీ ఆయన పనిముట్ల సంచి ఒక్కటీ గుమ్మం పక్కన విప్పి ఉంది. కళ్లజోడు పెట్టుకుని డబ్బా ముందు బాసింపట్టు వేశాడు. స్విచ్చి వేసి విన్నాడు. రేకు మీద చెయ్యి పెట్టాడు. మోత తగ్గింది. నా వైపు చూశాడు. ప్లగ్గు పీకి విప్పాడు.

"ఈ స్క్రూ నెత్తి చూడు. ఎలా మెరుస్తోందో."

"దుమ్ము పోయిందేమో అన్నా."

"ఇరవై ఏళ్ల తుప్పు రాత్రికి రాత్రి పోయిందా?"

"ఎలుకలు గిట్ల..."

"ఎలుకలకి స్క్రూడ్రైవరు ఎవడిచ్చాడురా?"

అబద్ధం దొరక్క నేను నేల చూసిన రోజులు చాలా తక్కువ. ఇప్పుడు ఇంటికి పొమ్మంటాడని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన వైరు బిగించాడు. ప్లగ్గు మూశాడు. స్విచ్చి మాత్రం వేయలేదు.

"ఇదొక్కటే అయ్యుండదు," అన్నాడు తీరిగ్గా. "లోపల కూడా చూడాలి."

వెనక చెక్క విప్పాడు. బ్రష్షుతో దుమ్ము దులిపాడు. ఒక్కో టంకం అతుకునూ గోటితో కదిపి చూశాడు. "ఇది చూడు, దరిద్రంగా వేశాను. నువ్వు పక్కన కూర్చుని సోది చెబుతుంటే చెయ్యి ఎక్కడ నిలుస్తుంది?" అంటూ మంచి అతుకును కరిగించి మళ్లీ వేశాడు. గంట గడిచింది. చెక్క బిగించాక లేస్తాడనుకున్నాను.

"క్వార్టరు ఎర్తును కూడా నమ్మలేం. గుంతకి నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో."

క్వార్టరు ఎర్తు వైరు పెరట్లో పాతిన ఇనుప గొట్టానికి వెళుతుంది. దాని చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చారు. ఎండాకాలం మట్టి ఎండితే ఎర్తు బలహీనపడుతుంది. అందుకని రిహార్సల్‌కి ముందు అక్కడ బకెట్టు నీళ్లు పోయడం, అందరిలోకీ చిన్నవాణ్ణి గనక, నా వంతు. వాళ్ల బకెట్లు మూటల్లోకి వెళ్లిపోయాయని పక్క క్వార్టరులో అడిగి తెచ్చాను. మూడు బకెట్లు పోశాను. నేల గుటకలేస్తూ తాగింది.

"ఇంకాలి. టైం పడుతుంది. కూర్చో," అన్నాడు.

పెరటి మెట్టు మీద కూర్చున్నాం. ఇంకడానికి ఏం లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదురా?"

"నువ్వు పిలువలే."

"పిలిస్తే గాని రాకపోవడానికి నువ్వేమన్నా చుట్టానివా?"

"గిటారు ఎందుకు అమ్మినవ్ అన్నా?" అన్నాను.

"పక్కన బేసు లేకుండా ఎంతసేపు వాయిస్తాను? చెవికి ఖాళీగా ఉండేది."

ఎండ గోడ దిగాక వరండాలోకి వచ్చి స్విచ్చి వేశాడు. ఎర్రదీపం వెలిగింది. చప్పుడు లేదు. నేను గిటారు తగిలించుకుని వాయించాను. ఆయన అట్టపెట్టె మీద కూర్చుని లీడ్ గిటారు వరస నోటితో అందుకున్నాడు. గొంతు బొంగురు పోయింది గానీ ఒక్క స్వరం తప్పలేదు. మధ్యలో ఆపి, "అక్కడ నువ్వు ఎప్పుడూ తొందరపడతావు," అన్నాడు.

వదిన బయటికి వచ్చింది. "బాగయిందిగా? ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇస్తే కట్టేస్తాను."

"రెండు నిమిషాలు," అన్నాడాయన.

వదిన మా ఇద్దరినీ చూసి, చుట్టి పెట్టిన పరుపు మీద కూర్చుంది. "పెళ్లి ఊరేగింపుల్లో వాయించేవారే, మెల్లగా మొదలయ్యే పాట. అది గుర్తుందా మీకు?"

"మీరు తలుపు ఏసుకునేటోళ్లు గదా వదినా. మీకెట్ల ఎరుక?"

"తలుపు వేసింది మా పసిపిల్ల లేస్తుందని. నాకెందుకు వినపడదు?"

అన్న గొంతు సవరించుకున్నాడు. నేను లావు తీగ మీద వేలు పెట్టాను. ఈసారి తొందరపడలేదు. ఎంత మెల్లగా వాయించవచ్చో అంత మెల్లగా వాయించాను.